బెల్లం మండీలో భారతం: చిత్తూరులో మా కళాకేంద్రానికి సొంత చోటు దొరికిన కథ

అద్దెకిచ్చేవాళ్ళు తాళంచెవి చేతిలో పెడుతూ చెప్పే మాట ఒకటుంది: "గోడలకు మేకులు కొట్టొద్దు." పద్నాలుగేళ్ళలో ఆరు చోట్ల ఈ మాట విన్నాను. మామూలు సంసారానికి ఇదేమంత పెద్ద ఇబ్బంది కాదు. వీధి నాటకం నేర్పే చోట మాత్రం కిరీటాలు, భుజకీర్తులు, గజ్జెలు, మద్దెలలు అన్నీ గోడకు వేలాడాలి. నేల మీద పెడితే చెమ్మ, చెదలు, ఎలుకలు. మేకు కొట్టే హక్కు లేక మేం పోగొట్టుకున్న సామాను తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

చిత్తూరు పట్టణంలో మేం నడిపే కేంద్రంలో ముఖ్యంగా వీధి నాటకం, హరికథ, కలంకారీ నేర్పుతాం. వారానికి రెండు సాయంత్రాలు చెక్కభజన బృందం వస్తుంది. నేను శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకున్నదాన్ని, ఇక్కడ అదే నేర్పుతాను, సొసైటీకి కార్యదర్శిని కూడా. 2009లో ఏడుగురు పిల్లలతో మొదలుపెట్టాం. 2023లో మాకు సొంత చోటు వచ్చింది. అది ఎలా వచ్చింది, మేం ఏం చేశాం, ఎక్కడ తప్పు చేశాం అన్నది ఇలాంటి కేంద్రాలు నడిపేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఈ చోటు ఇచ్చినావిడ తన పేరు ఎక్కడా రాయొద్దన్నారు. పేరు రాయకుండానే ఆమెకు దండం పెట్టుకోవడానికి నాకు ఇదొక్కటే దారి.

తిరిగిన చోట్లు

మొదట ఒక ఇంటి మేడ మీద గది. తర్వాత ఒక స్కూల్లో బడి వదిలాక రెండు గదులు. ఆ తర్వాత ఒక కల్యాణ మండపం వంటశాల పక్కన షెడ్డు, అదీ ముహూర్తాలు లేని రోజుల్లోనే. మిగతా మూడూ అద్దె చోట్లే. ఎవరూ మమ్మల్ని కావాలని ఇబ్బంది పెట్టలేదు. ఒకరు ఇల్లు అమ్ముకున్నారు, ఒకరికి కూతురి పెళ్ళి, ఒకచోట మద్దెల శబ్దానికి పక్కింట్లో పరీక్షలకు చదువుకునే పిల్లాడికి టెన్షన్. వాళ్ళ కారణాలు వాళ్ళవి. ప్రతిసారీ ఆటో ఎక్కింది మాత్రం మా సామానే.

ఇల్లు మారితే కళకు ఏం నష్టం అని చాలామంది అడుగుతారు. కలంకారీ సంగతి చెబుతాను. నలుపు రంగుకు మేం వాడేది కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు మట్టికుండలో వేసి దాదాపు మూడు వారాలు నానబెడతాం. కుండ కదలకూడదు, మూత ఊరికే తీయకూడదు. అది పులిసి, ఇనుము ఆ నీళ్ళలోకి దిగాలి. కరక్కాయ, గేదెపాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ నీళ్ళతో గీత గీస్తే, కరక్కాయలోని వగరుతో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు ఆ గీత పాకకుండా పట్టి ఉంచుతుంది. ఒకసారి పదిహేను రోజుల్లో ఇల్లు ఖాళీ చేయమన్నారు. పన్నెండో రోజు కసిమిని ఆటోలో తీసుకెళ్తుంటే రెండు కుండలు పగిలాయి. మిగిలిన కుండలోది కలకబారి, గీత బూడిద రంగుకు తిరిగింది. ఆ నెలలో ఒప్పుకున్న పని అంతా పోయింది. దానికంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. అప్పుడే కలం పట్టడం నేర్చుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలను, కొత్త చోటు తమ వీధికి దూరమైందని ఇంట్లోవాళ్ళు మానిపించేశారు. కుండలు మళ్ళీ పెట్టుకోవచ్చు, ఆ పిల్లలు మాత్రం తిరిగి రాలేదు.

2021 నవంబరు వానలు తిరుపతి, చిత్తూరు జనానికి ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. ఆ వారం మేం అద్దెకున్న రేకుల షెడ్డులోకి నీళ్ళు వచ్చాయి. వేషాల పెట్టెలు నేల మీదే ఉన్నాయి. తేలిక కొయ్యతో చేసి, అద్దాలు, తగరపు కాగితం అంటించిన కిరీటాలు జిగురు ఊడి విడిపోయాయి. అర్జునుడి కిరీటం వీధి నాటకం నేర్పే మా అయ్యవారికి ఆయన గురువు ఇచ్చినది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊడిన అద్దాలు ఒక్కొక్కటీ ఏరి, కొంగుకు కట్టమని నాకిచ్చారు. అప్పటికే కరోనా వల్ల రెండు వేసవులు ఊళ్ళలో భారతాలు, అంటే మహాభారత ఉత్సవాలు, లేవు. కళాకారుల ఇళ్ళలో డబ్బు లేదు, మా దగ్గరా లేదు. మూసేద్దామా అన్న మాట కమిటీలో మొదటిసారి వచ్చింది ఆ నెలలోనే.

హాలు వేరు, ఇల్లు వేరు

చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం ఉంది. తిరుపతిలో మహతి ఉంది, అన్నమాచార్య కళామందిరం ఉంది. వాటిలో మేం ప్రదర్శనలిచ్చాం, ఆ వేదికలంటే మాకు గౌరవం. హాళ్ళు ఉండగా మళ్ళీ చోటు ఎందుకని ఒక పెద్దమనిషి అడిగినప్పుడు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడైతే చెప్పగలను. హాలు ఒక రాత్రికి కావాలి. ఆ రాత్రికి ముందు మూడు వందల రోజులు అభ్యాసం చేసే చోటు కావాలి. ద్రౌపది వేషం కట్టే పిల్లవాడు తెర వెనక నుంచి అడుగులేస్తూ రావడం నేర్చుకోవాలంటే రోజూ అదే నేల మీద, అదే అయ్యవారి కళ్ళ ముందు వెయ్యాలి.

మా జిల్లాలో భారతం అంటే ఏమిటో బయటివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళలో వేసవిలో పద్దెనిమిది రోజుల ఉత్సవం చేస్తారు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. బకాసురుడి కథ రోజు బండి నిండా అన్నం పెట్టుకుని ఊరేగింపు, అర్జునుడి తపస్సు రోజు అర్జున వేషధారి ఎక్కే ఎత్తయిన తపస్సు మాను, చివరి రోజు మట్టితో పోసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ, సాయంత్రం అగ్నిగుండం. తమిళనాడు సరిహద్దు దాటినా ఇదే సంప్రదాయం ఉంది. ఇన్ని ఊళ్ళకు ఇన్ని రాత్రులు ఆడే కళాకారులు ఎక్కడ తయారవుతారు? ఒకప్పుడు అయ్యవారి ఇంటి ముందు వీధిలో. ఇప్పుడు ఆ వీధిలో బైకులు నిలిపి ఉంటాయి.

చోటు ఉంటే కళ ఎలా బతుకుతుందో శ్రీకాళహస్తి కలంకారీయే సాక్ష్యం. ఒక దశలో ఆ పని చేసే చేతులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతకు తగ్గిపోయాయి. చేతివృత్తులను నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం వచ్చింది. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారి లాంటివారు ఆ తరం నుంచి వచ్చారు, 2008లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఇవాళ శ్రీకాళహస్తి వీధుల్లో ఇంటింటా గుడ్డలు ఆరేసి కనబడుతున్నాయంటే, ఒకప్పుడు కొందరు పిల్లలకు కూర్చుని నేర్చుకునే నీడ దొరకడం దానికి ఒక పెద్ద కారణం అని నేను నమ్ముతాను.

పెద్దమ్మ

2022 వేసవిలో మళ్ళీ భారతాలు మొదలయ్యాయి. చిత్తూరుకు దగ్గర్లోని ఒక ఊళ్ళో మా పిల్లలు వస్త్రాపహరణం ఆడారు. కిరీటాలు అతుకులవే. ఆట అయ్యాక ఒక పెద్దావిడ వచ్చి, నేను పెట్టెలు సర్దుతుంటే పక్కన కూర్చున్నారు. వాళ్ళ మామగారు ఆ ఊరి భారతానికి ఏటా ఒక రోజు ఉభయం ఇచ్చేవారట, అంటే ఆ రోజు ఖర్చు వాళ్ళదే. చిత్తూరులో వాళ్ళది బెల్లం వ్యాపారం. భర్త పోయాక మండీ మూతపడింది.

"ఏం పాపా, ఈ పెట్టెలు ఏడికి మోసుకుపోతారు?" అని అడిగారు.

షెడ్డు సంగతి చెప్పాను. వాన సంగతీ చెప్పాను.

"మా మండీ ఊరికే పడుండాది. అద్దెకడిగినోళ్ళకి ఇయ్యబుద్ధి కాలేదు. ఈడ తెచ్చి పెట్టుకోండి."

నేను నోటిమాటకు సంతోషించడం అప్పటికి మానేసి చాలాకాలమైంది. నోటిమాట మీద వెళ్ళిన చోట్ల నుంచే మేం రెండుసార్లు ఖాళీ చేశాం. అయినా వారం తర్వాత వెళ్ళి చూశాం. బెల్లం మండీలున్న వీధి కాబట్టి గాలి నిండా తీపి వాసన. లోపల మందపాటి రాతి గోడలు, పెంకుల కప్పు, నేలంతా బండలు. మూల పాత కాటా. నాకు మొదట తట్టింది ఏమిటంటే, కసిమికి బెల్లం ఎక్కడి నుంచో తేనక్కర్లేదు.

ఆవిడ దగ్గర మాకు ఎదురైన పెద్ద ఇబ్బంది అడగడమే. ఇంత మంచి మనసుతో ఇస్తానన్న మనిషిని 'కాగితం రాసివ్వండి' అని ఎలా అడగడం? నెలన్నర నాన్చాం. చివరికి అయ్యవారే అడిగారు. "అమ్మా, నువ్వు ఉన్నన్నాళ్ళు మాకు భయం లేదు. మా పిల్లోళ్ళ పిల్లోళ్ళకి కూడా ఈ నీడ ఉండాలంటే ఏం చెయ్యమంటావు?" ఆవిడ నొచ్చుకోలేదు. కాసేపు ఆగి, "నా కొడుకులతో మాట్లాడి చెప్తా" అన్నారు. ఇలాంటి పనిలో ఉన్నవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదే: మొహమాటంతో అడగకపోతే అది ఇచ్చేవాళ్ళకే అన్యాయం. వాళ్ళ ఇష్టం వాళ్ళ తర్వాత కూడా నిలవాలంటే కాగితం ఉండాలి.

కాగితాల పని

ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మాకు చెప్పేవాళ్ళు లేక చాలా తిరిగాం.

ఆవిడ ఇద్దరు కొడుకులు బెంగళూరు, చెన్నైలో స్థిరపడ్డారు. పెద్దబ్బాయి మొదట దీర్ఘకాలపు లీజు అన్నారు. అది తప్పేమీ కాదు. ఏడాది దాటిన లీజు ఏదైనా రిజిస్టరు చేయించాలి, పదకొండు నెలల అగ్రిమెంటుతో సరిపెట్టుకుంటే అది స్థిరమైన చోటు అవదు. లీజుకు చిత్తుప్రతి కూడా రాయించాం. అది చదివించుకుని పెద్దమ్మ అన్నమాట: "బాడుగ తీసుకుంటే అది ఇచ్చినట్ల ఎట్ల అవుతాది?" దాంతో దానపత్రం వైపు తిరిగాం.

మొదట చూడాల్సింది, ఇచ్చేవాళ్ళకు ఇచ్చే హక్కు ఉందా అని. మండీ భర్త స్వార్జితం, ఆయన పేరున కొన్నది. రిజిస్టరు వీలునామాతో ఆమెకు వచ్చింది. పిత్రార్జితమైతే కథ వేరే. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత పత్రాలన్నీ చూసి, ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే ఈసీ తీయించాం. కొడుకులిద్దరూ సాక్షి సంతకాలు పెట్టారు. స్థిరాస్తి దానపత్రం రిజిస్టరు కావాలి, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆ ఇద్దరూ సొంత కొడుకులే కావడం మాకు కలిసొచ్చింది. రేపు ఎవరైనా అడిగితే ఆ సంతకాలే జవాబు.

రెండోది, ఎవరి పేరున రాయించుకోవాలి. తొందరగా అయిపోతుందని నా పేరున రాయించమని ఒకరు సలహా ఇచ్చారు. మంచి ఉద్దేశంతోనే ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. నా పేరున ఉంటే నా తర్వాత నా వారసులది అవుతుంది. మా సొసైటీ 2012లో ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద రిజిస్టరైంది. ఆస్తి సొసైటీ పేరునే రాయించుకున్నాం. దానం చెల్లాలంటే ఇచ్చేవారు బతికుండగానే తీసుకునేవారు స్వీకరించాలి. అందుకని కమిటీ సమావేశం పెట్టి, ఈ దానాన్ని స్వీకరిస్తున్నామని, సంతకానికి ఫలానావారికి అధికారం ఇస్తున్నామని తీర్మానం రాసి, దాని నకలు జతచేశాం. సొసైటీ ఎప్పుడైనా రద్దయితే ఈ చోటు ఇలాంటి ఉద్దేశాలున్న మరో సొసైటీకి చెందాలని, సభ్యులెవరూ పంచుకోకూడదని సొసైటీ నియమాల పుస్తకం, బైలాలో స్పష్టంగా రాసుకున్నాం. ఆ వాక్యం చదివి వినిపించినప్పుడు పెద్దమ్మ తలూపారు. అన్నిటికంటే ఆమెకు నచ్చింది అదే.

ఖర్చు సంగతి. దానం ఉచితం అనుకుంటారు. బంధువులు కానివారికి రాసే దానపత్రానికి స్టాంపు డ్యూటీ మార్కెట్ విలువ మీద పడుతుంది. మండీ వీధిలో ఆ విలువ తక్కువేమీ కాదు. మా ఖాతాలో ఉన్నది కట్టాల్సిన డ్యూటీలో మూడో వంతు కూడా లేదు. అప్పుడు మా కళాకారులు చేసిన పని నేను బతికున్నంతకాలం మరిచిపోలేను. ఆ వేసవి భారతాల్లో ఒక్కొక్కరు ఒక్కో రాత్రి పారితోషికం తెచ్చి ఇచ్చారు. రెండేళ్ళు ఆటలు లేక అప్పుల్లో ఉన్నవాళ్ళు. హార్మోనియం వాయించే ఆయన నోట్లు లెక్కపెట్టకుండా కవరు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. మిగతాది పాత విద్యార్థులు, హరికథకు వచ్చే ఆడవాళ్ళు, మండీ వీధి వ్యాపారులు వేశారు. వ్యాపారుల్లో కొందరు ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికొచ్చే 80జీ రసీదు అడిగారు. రెండు వేలు దాటిన విరాళం నగదుగా తీసుకుంటే దాతకు ఆ మినహాయింపు రాదు. కాబట్టి పెద్ద మొత్తాలన్నీ బ్యాంకు ద్వారానే తీసుకున్నాం. చిన్న విరాళానికి కూడా రసీదు ఇచ్చాం. పది రూపాయలిచ్చిన ముసలమ్మకు రసీదు చింపి ఇస్తే, ఆమె దాన్ని రవికలో దాచుకుంది.

మండీని కేంద్రం చేయడం

ముందు చీమలు. ఏళ్ళ తరబడి బెల్లం దిమ్మెలు పెట్టిన బండలు కదా, సందుల్లోకి పాకం దిగి గట్టిపడింది. వేడినీళ్ళు పోసి బ్రష్షుతో రుద్ది, సందులు తవ్వి సున్నంతో మళ్ళీ పూడ్చడానికి పిల్లలు, తల్లిదండ్రులు, మేం కలిసి పదకొండు రోజులు పనిచేశాం. చీమలు పూర్తిగా పోలేదు. పోతాయని ఆశ కూడా లేదు.

డబ్బు పెట్టిన మొదటి పని ఆడపిల్లలకు బాత్రూము, బట్టలు మార్చుకునే గది. వేదిక, లైట్లు ముందు చేద్దామని కమిటీలో వాదన వచ్చింది. పాత చోట్లలో పిల్లలు పెద్దవాళ్ళు కాగానే మానేయడానికి కారణం నాకు తెలుసు కాబట్టి గట్టిగా నిలబడ్డాను. ఇప్పుడు పదో తరగతి దాటిన ఆడపిల్లలు తొమ్మిది మంది వస్తున్నారు.

తర్వాత చేసినదాంట్లో తప్పు ఉంది. లోపల ఒక చివర సిమెంటు వేదిక కట్టించాం. అయ్యవారు చూసి ఏమీ అనలేదు. అభ్యాసం మొదలయ్యాక ఒక్కరోజు కూడా దాని మీదికి ఎక్కలేదు. అడిగితే చెప్పారు: వీధి నాటకం నేల మీద ఆట, మూడు వైపులా జనం ఉంటారు, సిమెంటు మీద రాత్రంతా గంతులేస్తే మోకాళ్ళు పోతాయి. ముందే అడగాల్సింది. మళ్ళీ డబ్బు పోగేసి, మధ్యభాగంలో బండలు పీకించి, ఎర్రమట్టి పోసి, దిమ్మిస కొట్టించి పేడతో అలికించాం. వేదిక మీద ఇప్పుడు కసిమి కుండలు వరసగా ఉన్నాయి. నేల చెమ్మ తగలదు, ఎవరి కాలూ తగలదు, వాటికి మంచి చోటే అయింది.

కలంకారీకి నీళ్ళ సమస్య అసలైనది. పటిక పూసిన చోటే ఎరుపు పట్టాలి. గుడ్డ ఉతికేటప్పుడు నీళ్ళు పారుతూ ఉండాలి, నిలిచిన నీళ్ళలో ముంచితే అంటుకోని పటిక పక్కలకు పాకి, ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ వేరుతో ఉడకబెట్టినప్పుడు ఉండకూడని చోట ఎర్రబడుతుంది. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఉంది. చిత్తూరులో నీవా నది ఎక్కువ నెలలు ఇసకే. వెనక దొడ్లో ఇరవై అడుగుల వాలు కాలువ కట్టించి, పైనుంచి బోరు నీళ్ళు వదిలి, కింద రెండు తొట్లలో తేర్చి, మళ్ళీ పైకి ఎక్కించేలా ఏర్పాటు చేశాం. మొదటి తొట్టి చిన్నదై పొంగింది. రెండోసారి పెద్దది కట్టాం. ఎండాకాలం మధ్యలో నీళ్ళకు కటకటే, ఆ రెండు నెలలు ఉతుకుడు పని ఆపి గీత పని మాత్రమే చేస్తాం.

శబ్దం గురించి ఇరుగుపొరుగుతో ముందే కూర్చున్నాం. మామూలు రోజుల్లో రాత్రి తొమ్మిదికి మద్దెల ఆగాలి, మైకు అసలు వద్దు. భారతాల ముందు పది రోజులు ఆలస్యమైతే ముందుగా చెప్పాలి. పరీక్షల కాలంలో పగటిపూటే అభ్యాసం. ఇప్పటిదాకా ఒక్క గొడవ రాలేదు. ఎదురింటి ఆయన మనవరాలు చెక్కభజనకు చేరింది.

ఇప్పుడు

సొంత చోటు వచ్చాక ఖర్చులు తగ్గుతాయనుకున్నాను. అద్దె తగ్గింది, మిగతావి పెరిగాయి. ఆస్తి పన్ను, కరెంటు, పెంకులు మార్చడం, ఏటా ఆడిట్, ఐదేళ్ళకోసారి 80జీ పునరుద్ధరణ, ఇవన్నీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చేయాలి. దీనికోసం ఒక ఖాతా వేరుగా తెరిచాం, ప్రతి కలంకారీ అమ్మకంలో పదో వంతు అందులోకి పోతుంది. ఇది చాలదు. ఇంకో ఆదాయం చూసుకోవాలి, ఆ పనిలో ఉన్నాం.

వచ్చిన మార్పుల్లో లెక్కకు అందేది పిల్లల సంఖ్య. 2022లో ఇరవై ఇద్దరు ఉండేవారు, ఇప్పుడు యాభై ఎనిమిది మంది. లెక్కకు అందనిది అయ్యవారు తిరిగి రావడం. మేడ మీద గదులున్న రోజుల్లో మెట్లు ఎక్కలేక ఆయన రావడం తగ్గించేశారు, చివరి రెండేళ్ళు మేమే ఆయన ఇంటికి వెళ్ళి సందేహాలు అడిగేవాళ్ళం. మండీకి గడప కూడా ఎత్తు లేదు, బెల్లం బండ్లు లోపలికి రావడానికి కట్టిన వాకిలి. ఆయన రోజూ సాయంత్రం ఆరింటికి వస్తారు, కాటా పక్కన కుర్చీలో కూర్చుంటారు. దుర్యోధనుడి దరువులు, అంటే నాటకంలో ఆ పాత్ర పాడే పాటలు, ఆయన నోటి నుంచి వింటూ పిల్లలు రాసుకుంటున్నారు. ఈ పని పదేళ్ళ ముందే జరగాల్సింది.

కాటాను తీయొద్దని పెద్దమ్మ ఒక్క కోరిక కోరారు. తీయలేదు. సంక్రాంతికి అక్కడే బెల్లం పొంగలి వండుతాం, ఆమె వచ్చి మొదటి గరిటె పిల్లలకు వడ్డిస్తారు.

గృహప్రవేశం రోజు పూజ అయ్యాక ఆమె చేతికి సుత్తి ఇచ్చి, గోడకు మొదటి మేకు కొట్టమన్నాం. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. ఆరు చోట్ల సంగతి చెప్పాను. "అయ్యో పాపా" అని, నడుం బిగించి, రాతి సందు చూసుకుని కొట్టారు. మూడో దెబ్బకు దిగింది. అయ్యవారు సంచిలో నుంచి అర్జునుడి కిరీటం తీశారు. ఊడిన అద్దాలన్నీ మళ్ళీ అంటించారు, రెండు మాత్రం దొరకలేదు. దాన్ని ఆ మేకుకు తగిలించి, సరిగ్గా ఉందా లేదా అని రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు.